నీళ్లొచ్చే ముందు ఒక ఆట

ముందుగానే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. వీధిలో పిల్లిని చూస్తే ఇంటికొచ్చేసరికి అది చిరుతపులి అవుతుంది. రెండో కాఫీ తాగేసరికి దాని నోట్లో మేకపిల్ల కూడా ఉంటుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ గుమ్మం దగ్గరే ఆపి "సగం తీసేసి చెప్పండి" అనేది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి నా కథలకి కాపలా లేదు. అందుకని ఈ రాయచూరు జిల్లా ప్రయాణం చదివేవాళ్లు ఆ సగం తీసేసే పని తామే చూసుకోవాలి. ఎండని సగం చేసుకోండి, దోమల్ని పావు చేసుకోండి. మనుషుల్ని మాత్రం ఉన్నంతే ఉంచండి.

నేనెందుకు వెళ్లానంటే, మా పిన్ని కొడుకు వెంకటరత్నం బాపట్ల దగ్గర రెండెకరాలు అమ్మి, ఆ డబ్బుతో తుంగభద్ర కాలవ కింద తుర్విహాళ దగ్గర ఇరవై ఎకరాలు కొని, ఆ పక్కనే ఓ క్యాంపులో స్థిరపడ్డాడు. వాడు ఉత్తరం రాశాడు: "మా పక్క చేలో ఒకాయన ఉన్నాడు అన్నయ్యా. వంకర కర్రతో చిన్న బంతిని కొట్టి, దాని వెనకే నడిచెళ్లి మళ్లీ కొడతాడు. గోల్ఫంట. ఒకప్పుడు దేశం మొత్తానికి ఛాంపియనంట. నీకు రాసుకోటానికి పనికొస్తాడు. నెలాఖరుకి మా కొత్త పిల్లకాలవకి మొదటిసారి నీళ్లు వదుల్తున్నారు. ఆ వేడుకా చూసి పోవచ్చు."

రాయచూరు

రైలు దిగేసరికి ఉదయం తొమ్మిది. ఎండ అప్పటికే మధ్యాహ్నం పని మొదలుపెట్టేసింది. స్టేషన్ బయట ఒక గాడిద తన నీడలోకి తానే దూరాలని గుండ్రంగా తిరుగుతుంటే నా కళ్లతో చూశాను. కోట రాళ్లు ముట్టుకుంటే బొబ్బలెక్కుతాయని ఎవరో చెప్పారు. నాకు ముట్టుకోకుండానే ఎక్కాయి.

బజారులో వీరేశం అనే ఆయన కిరాణా దుకాణం మా వెంకటరత్నం సరుకులు తెచ్చుకునే చోటు. బస్సు వేళ దాకా అక్కడ కూర్చోమని రాశాడు. "కూసోండ్రి సార్, అంత జల్దీ ఏమున్నది, బిసి బిసి చాయ తాగుండ్రి" అన్నాడు వీరేశం. ఒకే వాక్యంలో తెలుగులో కూర్చోబెట్టి, ఉర్దూలో తొందర మాన్పించి, కన్నడంలో టీ వేడి చేశాడు. మా వైపు అతిథికి మంచినీళ్లిచ్చి, ఎవరి తాలూకని అడుగుతారు. ఇక్కడ బొరుగులూ మిర్చి భజ్జీలూ పెట్టి, కళ్లమ్మట నీళ్లొచ్చాక అడుగుతారు. ఆ స్థితిలో మనిషి అబద్ధం చెప్పలేడు. పావలాకి ఆరు భజ్జీలు. మా ఊళ్లో బజ్జీలో మిరపకాయ ఉంటుంది. ఇక్కడ మిరపకాయే మర్యాద కోసం కాస్త పిండి కప్పుకుంటుంది.

ఉత్తరంలోని ఆ గోల్ఫాయన, నర్సప్ప, పేరెత్తగానే గుమాస్తాలిద్దరూ నవ్వారు. వీరేశం నవ్వలేదు.

"పిచ్చోడు గాదు సార్. జర ఒంటిగుంటడు, గంతే. బజారుకొస్తె ఇంజన్లకెల్లి తీసిన పాత నూనె డబ్బాలకు డబ్బాలు కొంటడు. కూరకు మాత్రం పావుశేరు నూనె కొనడు. ఏం చేస్తడో నేనడగలె. అడిగితె చెప్తడు. చెప్తె మొత్తం ఇనాలె. దుకాణంల నాకు టైమేడిది?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదని నాకు మర్నాడు తెలిసింది.

మాన్వి దాటాక

బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. ఆవిడకి కన్నడం తప్ప రాదు, నాకు కన్నడం తప్ప అన్నీ వచ్చు. మాన్విలో బస్సు ఆగినప్పుడు మూట విప్పి ఎద్దుబండి చక్రమంత జొన్నరొట్టె తీసి, దానిమీద నల్లటి గురెళ్ల పొడి, మన వెర్రినువ్వులే, వేసి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో జొన్న అంటే జబ్బుపడ్డవాళ్లకి పెట్టేది. ఇక్కడ ఆ రొట్టె తిని మనుషులు బండలు మోస్తారు. తింటూ ఆవిడకి నా జీవితం మొత్తం చెప్పాను. ఆవిడ తనది చెప్పింది. ఒకరి ముక్క ఒకరికి అర్థం కాలేదు. నన్ను మధ్యలో ఆపకుండా విన్న మనిషి ఈమధ్య ఆవిడే. సింధనూరుకి ముందు ఏదో మలుపు దగ్గర దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత ఆ సీటు ఖాళీగానే వచ్చింది.

కిటికీకి ఒక పక్క కాలవ కింద పచ్చటి నారుమళ్లు, మరో పక్క చుక్క నీరు చేరని నల్లరేగడి. ఆ ఏడు వానలు ఆలస్యం. నేల నెర్రెలు తీసి ఉంది. తుర్విహాళలో దిగి క్యాంపుకి నడుస్తుంటే నా ఎడమకాలి చెప్పు ఒక నెర్రెలో పడిపోయింది. పక్కకి పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టాను, అందలేదు. పాతాళంలో ఎవరో ఒంటికాలివాడు ఈపాటికి వేసుకుని తిరుగుతుంటాడు. రెండో చెప్పు నాకెందుకని అదే నెర్రెలో వేసి, వెంకటరత్నం ఇంటికి ఉత్త కాళ్లతో చేరాను.

క్యాంపు

క్యాంపంటే డేరాలు కావు. కాలవ తవ్వే రోజుల్లో వచ్చిన పేరు ఊరికి అలాగే ఉండిపోయింది. ఆ ముప్పై ఇళ్లలో కాలు పెడితే మళ్లీ బాపట్లే. అదే గోంగూర, అదే ఆవకాయ, అదే అరుగు మీద అవే రాజకీయాలు. ఒక్కటే తేడా, ఇక్కడ ఎవరింటి కథా పదిహేనేళ్లకి ముందు మొదలవదు.

వెంకటరత్నం అన్నం కలుపుతూ సంగతి చెప్పాడు. నర్సప్పది ఈ పాత ఊరే. వానకి పండితే పండినట్టు, లేకపోతే లేదు అన్నట్టుండే పదహారెకరాల చేను తండ్రి ఇచ్చిపోయాడు. కొత్త పిల్లకాలవ దాని గట్టునే వెళ్తోంది. ఇంటి జాగా ఉంచుకుని మిగతా చేను పోయిన ఏడే వీడికి అమ్మేశాడు. నీళ్లు వచ్చేదాకా అందులో ఆడుకుంటానన్నాడు, వీడు సరేనన్నాడు. నీళ్లు రేపు కాక ఎల్లుండి వస్తాయి.

"ఆయన మనిషి బంగారం అన్నయ్యా. ఓసారొచ్చి ఆటకి సాక్షి సంతకం కావాలి, పక్కన నాలుగ్గంటలు నడవాలి అన్నాడు. నారుమళ్ల టైములో నాలుగ్గంటలు ఎవడికుంటాయి? ఆయన్ని కష్టపెట్టటమెందుకని ఆట లెక్క రాసే కార్డులు పాతికకి అడుగున సంతకం పెట్టి ఇచ్చేశాను. అంకె మీ ఇష్టమొచ్చింది వేసుకోండన్నాను. తీసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలా."

మావాళ్లకి అది అలవాటు. కాలవ కాగితమైనా, విత్తనాల కాగితమైనా, ఏం రాసుందో చూడకుండా అడుగున సంతకం గీకి, పైది మీరే నింపుకోండి అంటారు. అది మా వైపు మర్యాద. దానివల్ల నష్టపోయినవాళ్లు ఉన్నారు గానీ, ఆ మర్యాద అందుకుని నష్టపోయినవాడు నర్సప్ప ఒక్కడే.

నర్సప్ప నేల

మర్నాడు పొద్దున వెళ్లాను. మనిషి తాటిచెట్టులో సగం ఉంటాడు (ఇది సగం తీసేశాకే చెబుతున్నాను). యాభై దాటిన వయసు, తెల్ల టోపీ, ఎడమ మోకాలికి గుడ్డ పట్టీ. ఒకే గది ఇల్లు, నవారు మంచం, రేకు పెట్టె. మూలన అయిదు కర్రలు, ఒక్కోదానికీ ఒక్కోరకం పాదం. కూర్చోటానికి ఒకే స్టూలు ఉంది. అది నాకిచ్చి ఆయన నిలబడ్డాడు. రెండో మనిషి వస్తాడని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

ఆట వివరించమన్నాను. తెలిసినవాళ్లు క్షమించాలి. చేనంతా దూరదూరంగా తొమ్మిది పాలడబ్బాలు నేలలో పాతి ఉన్నాయి. ఒక్కో డబ్బాలో బంతి వెయ్యటానికి ఇన్ని దెబ్బలని లెక్క. తొమ్మిదీ రెండుసార్లు తిరిగితే ఒక ఆట. లెక్క ప్రకారం డెబ్భై రెండు దెబ్బలు. అంతకంటే తక్కువ కొట్టినవాడు గొప్పవాడు. నేను కాస్త నొచ్చుకున్నాను. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప అనే ఆట నా వృత్తికి బొత్తిగా విరుద్ధం.

డబ్బా చుట్టూ దొరలు పచ్చగడ్డి పెంచుతారట. నీళ్లు లేని చోట గడ్డి ఎక్కడిది? ఇసకలో ఇంజన్ నూనె కలిపి దిమ్మిస కొడితే గచ్చులా నున్నగా అవుతుంది. దాన్ని బ్రౌన్ అంటారు. వీరేశం చెప్పిన నూనె వెళ్తున్నది దీనికి. "తొమ్మిది బ్రౌన్లకు ఎనిమిదేండ్ల సంది తాగిస్తున్న" అన్నాడు. కూరలో నూనె ఎందుకు లేదో నేనూ అడగలేదు.

ఆయన కథ ఇది. పన్నెండేళ్లప్పుడు మేనమామ వెంట ఒక పెద్ద ఊళ్లో మిలిటరీ దండు వాళ్ల గోల్ఫు మైదానానికి వెళ్లి, దొరల కర్రల సంచీ మోశాడు. సాయంత్రం దొరలు ఆట ముగించి వెళ్లిపోయాక, మోసేవాళ్లందరూ కలిసి విరిగిన కర్ర ఒకటి అతికించుకుని, ఒకే బంతితో వంతులేసుకుని ఆడేవాళ్లు. అలా నేర్చిన ఆటతో దొరలకి ఆట నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం వల్లే ఆయన ప్రొఫెషనల్ అయ్యాడు. కులాసాకి ఆడేవాడు క్లబ్బు ముందు గుమ్మంలోంచి వస్తాడు, కూలికి ఆడేవాడు వెనక గుమ్మంలోంచి. దేశంలోకెల్లా పెద్ద పోటీ మూడుసార్లు గెలిచాడు. వెండి కప్పులు మూడూ లోపలి హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి, వాటి మీద ఈయన పేరు చెక్కారు. ఆ పేరు చూడటానికి లోపలికి వెళ్లే వీలు ఈయనకి లేదు. గెలిచిన సాయంత్రం సైకిళ్ల షెడ్డులో నిలబడి టీ తాగాడు. పెళ్లి గురించి అడిగితే, ఏ నెల ఏ ఊర్ల ఉంటనో ఎరుకలేనోనికి పిల్లనెవరిస్తరని ఎదురడిగాడు. మోకాలు పోయాక ఆ ఉద్యోగం ఒక కుర్రవాడికిచ్చారు. అదే నెల తండ్రి పోయాడు. ఊరికొచ్చేశాడు.

రేకు పెట్టె తెరిచాడు. కప్పులు కాదు, బట్టలు కాదు, నిండా అట్టముక్కలు. ప్రతి ఆటకీ ఒక కార్డు. డబ్బా డబ్బాకీ ఎన్ని దెబ్బలో, అడుగున రెండు సంతకాలు. ఒకటి ఆయనది, ఒకటి పక్కన నడిచి చూసినవాడిది. ఒక్కొక్కటి తీసి, సంతకం మీద వేలుంచి, ఆ మనిషి ఎలా నడిచేవాడో, ఏ డబ్బా దగ్గర దగ్గాడో చెప్పాడు. నాలుగు వందల మంది ఉంటారు. అందరూ ఆ పెట్టెలోనే. కింద ఒక కట్ట వేరే ఉంది. పాతిక ఖాళీ కార్డులు, అన్నిటి మీదా మా వెంకటరత్నం సంతకం.

"ఒంటిగ ఆడినయి లెక్క గావు సార్. పక్కపొంటి నడిసి, కండ్లార జూసి, రాసి, సంతకం పెట్టేటోడు ఉండాలె. లేకుంటె ఆడినట్టే గాదు. ఎనిమిదేండ్లాయె, దినాం ఆడుతున్న. అరవై ఆరు గూడ కొట్టిన. ఎవరు జూసిండ్రు? నా నేల మీద ఒక్క ఆటన్న లెక్కల పడాలె. రేపు మాపటికి నీళ్లొస్తయి."

నేను నిజాయితీగా చెప్పాను, నేను అబద్ధాలు రాసుకుని బతికేవాణ్ణని.

"మీ తమ్ముడు చెప్పిండు. అబద్ధం రాసేటోనికి నిజమేందో ముందుగాల ఎరుకుండాలె గద" అన్నాడు. "పొద్దుగాల రాండ్రి."

ఆట

మర్నాడు క్యాంపు క్యాంపంతా పసుపు కుంకుమలతో, కొబ్బరికాయలతో, పులిహోర గంగాళాలతో పిల్లకాలవ తూము దగ్గరికి వెళ్లిపోయింది. తలుపులు దగ్గరగా వేసిన ఇళ్ల మధ్యనుంచి నేనొక్కణ్ణే రెండో వైపు నడిచాను. వెంకటరత్నం ఇచ్చిన పాత చెప్పులు నా పాదాలకి పడవలంత ఉన్నాయి.

నర్సప్ప చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు. మంచి బంతులు మూడే మిగిలాయట, తతిమ్మావన్నీ నెర్రెలు మింగాయి. "మీ తమ్ముని నాగలికి తగుల్తయి తియ్యి. ఏ పిట్ట గుడ్లో అనుకుంటడు." నెర్రెలో పడితే బంతి పోయినట్టే, పైగా ఒక దెబ్బ జరిమానా. ఏ నెర్రె ఎక్కడుందో ఆయనకి సందుల పేర్లలా తెలుసు.

మొదటి దెబ్బ కొట్టాడు. కొట్టినట్టు లేదు, గాలిని మడతపెట్టినట్టు ఉంది. బంతి కొంగలా లేచి, సింధనూరు తాలూకా అంతా ఓసారి చూసుకుని, మొదటి బ్రౌన్ దగ్గర దిగింది. మోకాలి పట్టీ సర్దుకుని నడవటం మొదలెట్టాడు. ఆయన కొట్టేటప్పుడు పక్కవాడు మాట్లాడకూడదు, కదలకూడదు, నీడ కూడా పడనివ్వకూడదు. నాలుగ్గంటలు నేను నోరు మూసుకున్నాను. ఇది చదివి మా ఊళ్లో ఎవరూ నమ్మరు. అయినా నిజం.

బ్రౌన్ దగ్గరికి వచ్చాక చెక్కతో ఇసక చదును చేసుకుని, వంగి, బంతిని డబ్బాలోకి నెట్టేవాడు. లోపల ఠంగుమనేది. నేను అంకె చెప్పేవాణ్ణి, ఆయన తలూపాకే రాసేవాణ్ణి. మొదటి చుట్టు ముప్పై నాలుగు. లెక్క కంటే రెండు తక్కువ.

రెండో చుట్టు ఆరో డబ్బా దగ్గర బంతి ఒక నెర్రె అంచున ఆగింది. ఆయన కర్ర పాదం నేలకి ఆనించాడు, ఆగాడు, వెనక్కి తీశాడు.

"ఒకటి కలుపుండ్రి. కొట్టకముందే బంతి కదిలింది."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఏమీ కదల్లేదు. కదిలితే నువ్వుగింజంత. అంకెలు పెంచటమే బతుకుగా బతికినవాణ్ణి, ఆ ఒక్క అంకె పెంచటానికి నా చెయ్యి రాలేదు. వదిలెయ్యండి నర్సప్పగారూ, చూసింది నేనేగా, నాకు కనపళ్లేదు అన్నాను.

"మీకు కనవళ్లె. నాకు కనవడ్డది. కలుపుండ్రి."

కలిపాను.

నీళ్లు

చివరి డబ్బా పిల్లకాలవ గట్టు పక్కనే ఉంది. అక్కడికి వచ్చేసరికి చప్పుడు వినిపించింది. తొలినీళ్లు రేగడి నేల మీదికి వస్తే ప్రవహించవు, తాగబడతాయి. ఒక్కో నెర్రె గుడగుడమని నిండి, అంచులు విరిగి మూసుకుని, ఆ తర్వాతే నీళ్లు ముందుకి జరుగుతాయి. గట్టుకి ఎక్కడో గండి పెట్టినట్టున్నారు. గోధుమరంగు నీళ్లు ఎండుపుల్లల్ని, చీమల్ని నెట్టుకుంటూ మెల్లిగా వస్తున్నాయి.

అప్పటికి అరవై నాలుగు దెబ్బలు. మరో రెండు దెబ్బల్లో బంతి బ్రౌన్ మీదికి వచ్చింది. డబ్బా ఆరడుగుల దూరం. ఈలోగా నీళ్లు వచ్చేశాయి. కానీ ఎనిమిదేళ్లు నూనె తాగిన ఇసక నీళ్లని లోపలికి రానివ్వలేదు. నీళ్లు చుట్టూ తిరిగాయి. మేమిద్దరం ఒక నల్లటి ద్వీపం మీద మిగిలాం, అంచుల్లో నూనె రంగులు తేలుతున్నాయి.

అప్పుడే క్యాంపు వాళ్లు వచ్చారు. పూజయ్యాక, కొత్తనీళ్ల వెంట రథం వెంట నడిచినట్టు నడుస్తూ వచ్చారు. ఆడవాళ్ల చేతుల్లో పసుపు పళ్లేలు, తూము తీసిన లస్కరు భుజం మీద ఇనప చువ్వ, వెంకటరత్నం తలకి తువ్వాలు. మడమలు మునిగే నీళ్లలో ద్వీపం చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే మాటలాపేశారు. వెంకటరత్నం తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

నర్సప్ప చెక్కతో ఇసక సర్దాడు. వంగాడు. బంతి తిన్నగా వెళ్లి, డబ్బా పెదవి మీద ఆగి, లోపలికి తొంగిచూసి, ఉండిపోయింది. ఎవరో నిట్టూర్చారు. ఆయన దగ్గరికెళ్లి మెల్లిగా తట్టాడు. ఠంగుమంది. అరవై ఎనిమిది.

నూట ముప్పై మంది చప్పట్లు కొట్టారు. కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయాయి. నర్సప్ప టోపీ తీసి, పెద్ద మైదానాల్లో చేసినట్టు, నాలుగు వైపులా తిరిగి తల వంచాడు. తర్వాత కార్డు తీసుకుని పద్దెనిమిది అంకెలూ ఒక్కొక్కటి వేలితో చదివి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. "ఒంటిగ అరవై ఆరు" అన్నాడు, "గిది అరవై ఎనిమిది. గిదే లెక్క." కార్డు తడవకుండా టోపీ లోపల పెట్టుకుని, కర్రలు ఎత్తుకుని, మోకాలు ఈడుస్తూ నీళ్లలో ఇంటివైపు నడిచాడు.

సగం తీసేశాక

గాడిద నిజమే, రొట్టె చక్రమంత లేదు, చెప్పు నిజమే. కార్డు మీద అంకెల్లో ఒక్కటీ నేను ముట్టుకోలేదు. పెంచినవన్నీ మీకే తెలిసిపోతాయి. ఉన్నదాన్ని పెంచకుండా లేనిదాన్ని పుట్టించింది ఒక్కచోటే.

ఆ జనం రాలేదు. తూము దగ్గర పులిహోర పంచుతున్నారు. తొలినీళ్లు పారిన పూట ఆ గట్టు వదిలి ఎవరొస్తారు? వాళ్ల తప్పేం లేదు, చూడమని వాళ్లకెవరూ చెప్పలేదు. చేలో నీళ్లు, ఆయన, నేను. చప్పట్లు నేనొక్కణ్ణే కొట్టాను. ఆరుబయట రెండు చేతుల చప్పుడు ఎంత దూరం పోతుంది? అరచేతులు ఎర్రబడేదాకా కొట్టాను, కొంగ ఒక్కటీ లేవలేదు.

టోపీ తీసిన మాట మాత్రం నిజం. నాలుగు వైపులా తిరిగాడు. ఒక్కో వైపూ తల వంచి, కాసేపు అలాగే ఉన్నాడు.